వెలివేతకు ఎదురు నిలిచిన ఇద్దరు: రాజ్యలక్ష్మమ్మ, నాగరత్నమ్మ

తెలుగులో 'వెలి' అన్నది చాలా పాత మాట. బయట అని దాని అర్థం. వెలుపల, వెలివాడ, వెలివేత అన్నవి ఆ దుంపనుండి పుట్టిన మొలకలే. నిఘంటువులో రెండక్షరాల మాట. బ్రతుకులో మాత్రం దాని బరువు మోయడానికి ఒక జన్మ చాలదు. సంస్కృతంలో దానినే బహిష్కారం అన్నాము.

పందొమ్మిదవ శతాబ్దంలో మన పట్టణాలలో ఒక బ్రాహ్మణ కుటుంబాన్ని వెలివేశారంటే ఏమి జరిగేదో ఈనాటి చదువరులకు ఊహకందడం కష్టం. పురోహితుడు గడప తొక్కడు. వంటవాడు మానేస్తాడు. నీళ్ళు మోసే మనిషి రాడు. తద్దినం పెట్టుకుందామంటే భోక్తలు దొరకరు. ఇంట్లో పీనుగ లేస్తే మోయడానికి నలుగురు రారు. పిల్లకు సంబంధం కుదరదు. అద్దెకు ఇల్లు ఇవ్వరు. ఇది ఏ న్యాయస్థానమూ వేయని శిక్ష. అయినా దీనికి భయపడినంతగా కచేరీ శిక్షకు ఎవరూ భయపడలేదు.

ఇందులో ఒక సంగతిని మన చరిత్ర పుస్తకాలు తగినంతగా గమనించలేదని నాకనిపిస్తుంది. వెలి పడిన ఇంటి మగవాడు పొద్దున్నే లేచి ఉద్యోగానికి పోతాడు, జీతం తెచ్చుకుంటాడు, పత్రికలో వ్యాసం వ్రాస్తాడు, సభలో మాట్లాడుతాడు. ఆడదానికి ఆ వెసులుబాటు లేదు. ఆమె లోకమంతా పేరంటాలు, నోములు, వాయనాలు, పురుళ్ళు, పొయ్యి, నూయి. సరిగ్గా ఆ చోట్లనే వెలివేత తలుపు మూస్తుంది. శాసనం మగవాని పేర వస్తుంది, అమలు మాత్రం ఆడవారి మీద జరుగుతుంది. అందువల్ల సంఘ సంస్కరణ నిలిచిందా కూలిందా అన్నది చివరకు ఆ ఇంటి ఇల్లాలి గుండె దిటవు మీదనే ఆధారపడింది.

ఈ వ్యాసంలో అటువంటి ఇద్దరిని గురించి చెప్పదలచుకున్నాను. ఒకరు గోదావరి ఒడ్డున వెలివేతను భరించారు. మరొకరు ఆమె తరువాతి తరంలో, కావేరి ఒడ్డున మరొక రకమైన వెలివేతను ఎదిరించారు. ఇద్దరికీ భక్తే ఆధారం. ఇద్దరి చుట్టూ ఒక భక్త సమాజం ఉన్నది. ఆ సమాజాలు ఎవరికి చోటిచ్చాయి, ఎవరికి ఇవ్వలేదు అన్నదే నా ప్రశ్న.

చట్టం వచ్చిన తరువాత పాతికేళ్ళు

హిందూ వితంతువుల పునర్వివాహాన్ని చెల్లుబాటు చేస్తూ 1856లో చట్టం వచ్చింది. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు పరాశర స్మృతిని ఆధారం చేసికొని వాదించి, సంతకాలు సేకరించి, ఆ చట్టాన్ని సాధించాడు. అదే సంవత్సరం డిసెంబరులో కలకత్తాలో మొదటి పెళ్ళి జరిపించాడు. తెలుగు దేశంలో చెప్పుకోదగిన మొదటి వితంతు వివాహం జరిగింది 1881లో. నడుమ పాతికేళ్ళు. చట్టం పుస్తకంలో ఉన్నది, ఊరిలో లేదు.

ఎందుకు లేదో ఆ చట్టాన్ని చదివితేనే కొంత తెలుస్తుంది. మళ్ళీ పెళ్ళి చేసికొన్న స్త్రీకి మొదటి భర్త ఆస్తి మీద ఉన్న హక్కు పోతుంది. పెళ్ళికూతురు మైనరైతే, మొదటి భర్తతో కాపురం జరగని పక్షంలో, తండ్రి అనుమతి కావాలి, తండ్రి లేకపోతే తరువాతి పెద్దల అనుమతి కావాలి. ఎనిమిదేళ్ళకు పెళ్ళి, పదేళ్ళకు వైధవ్యం అయిన పిల్లకు చట్టం ఇచ్చిన స్వేచ్ఛ ఆమె చేతిలో లేదు, ఆమెను ముండనం చేయించి మూల కూర్చోబెట్టిన పెద్దల చేతిలోనే ఉన్నది. ఆ పెద్దలు చెడ్డవారని కూడా అనలేము. వారికీ వెలి భయమే. కూతురి కన్నీరు చూడలేక చాటున ఏడ్చిన తల్లులు ఎందరో ఉండి ఉంటారు. ఏడ్చిన తల్లి గడప దాటి రావాలంటే అవతల ఆమెను రమ్మనే ఇల్లు ఒకటి ఉండాలి కదా.

చట్టం అనుమతి నిచ్చింది. శాస్త్రం వాదానికి బలమిచ్చింది. అవతలి ఇల్లును మాత్రం ఈ రెండూ కట్టలేవు. దానిని కట్టవలసింది మనుషులు.

ప్రార్థనకు కూర్చున్న చాప

రాజా రామమోహనరాయలు 1828లో స్థాపించిన బ్రహ్మసమాజపు గాలి దక్షిణాదికి 1864లో సోకింది. ఆ సంవత్సరం కేశవచంద్రసేన్ మద్రాసు వచ్చాడు. ఆయన ఉపన్యాసాల ప్రేరణతో అక్కడ వేదసమాజం ఏర్పడింది. శ్రీధరులు నాయుడు అనే ఆయన దానిని 1871లో దక్షిణ భారత బ్రహ్మసమాజంగా మార్చి, 1874లో మరణించే దాకా చేతనైనంత నడిపాడు. విగ్రహం లేదు, పురోహితుడు లేడు, కులభేదం పాటించరాదు. నలుగురు చేరి ఏక దైవాన్ని ప్రార్థించడమే వారి పూజ.

ఇక్కడ ఒక విషయం చెప్పక తప్పదు. 1878లో ఆ బ్రహ్మసమాజమే రెండుగా చీలింది. చీలికకు ప్రధాన కారణం ఒక ఆడపిల్ల పెళ్ళి. బాల్యవివాహాలు కూడదని, ఆడపిల్లకు పద్నాలుగేళ్ళు నిండాలని 1872 వివాహ చట్టం కోసం పోరాడిన కేశవచంద్రసేన్, ఆ ఈడు నిండని తన కూతురు సునీతిని కూచ్ బిహార్ మహారాజుకిచ్చి వివాహం చేశాడు. శిష్యులు సహించలేదు. శివనాథశాస్త్రి మొదలైనవారు విడివడి సాధారణ బ్రహ్మసమాజాన్ని స్థాపించారు. ఒక ఆడపిల్ల ఈడు విషయంలో గురువును సైతం కాదని బయటకు నడవడం చిన్న సంగతి కాదు. స్త్రీల పట్ల న్యాయమన్నది ఒక మతసమాజానికి పైపూత కాదనీ, దాని ప్రాణమే అక్కడ ఉన్నదనీ ఆ చీలిక చాటింది.

సరిగ్గా ఆ రోజులలోనే రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు, కొందరు మిత్రులు, విద్యార్థులు కలిసి ప్రార్థనలకు, సంస్కరణ చర్చలకు కూడుతూ వచ్చారు. ఆయన అప్పుడు అక్కడి ప్రభుత్వ కళాశాలలో తెలుగు పండితులు. అంతకు ముందే 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు, ఆ సంవత్సరమే 'వివేకవర్ధని' పత్రిక మొదలుపెట్టారు. 1879 ఆగస్టులో వితంతు వివాహాన్ని గురించి పట్టణంలో బహిరంగంగా ఉపన్యసించారు. పండితులు ప్రతివాదాలు వ్రాశారు. వాదానికి వాదం, శ్లోకానికి శ్లోకం నడిచింది. మా పండిత జాతికి ఇష్టమైన వేడుకే అది.

ఆ చిన్న ప్రార్థన బృందం వలన కలిగిన మేలు తత్త్వ చర్చలో వెదికితే కనబడదు. వెలి పడిన తరువాత కూర్చోవడానికి ఒక చాప ఉన్నది, అదీ మేలు. పక్కన కూర్చుని తినే మనిషి ఉన్నాడు. బహిష్కారమంటే పొత్తు తెంచడం. దానికి విరుగుడు ఇంకొక పొత్తు మాత్రమే. ఎంత గొప్ప శ్లోకమైనా ఆ పని చేయలేదు.

1881 డిసెంబరు

కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ఈ ఉద్యమానికి మొత్తం మీద 30,000 రూపాయల దాకా ఇచ్చారు. ఆ రోజులలో అది చిన్న జమీందారీ ఆదాయమంత. రాజమహేంద్రవరంలో ఆత్మూరి లక్ష్మీనరసింహంగారు, బసవరాజు గవర్రాజుగారు వంటివారు అండగా నిలిచారు. 1881 డిసెంబరు 11వ తేదీన గోగులపాటి శ్రీరాములుకు గౌరమ్మ అనే బాల వితంతువునిచ్చి పంతులుగారి ఇంట పెళ్ళి జరిగింది. నాలుగు రోజులకే, 15వ తేదీన, రెండవ పెళ్ళి. అల్లర్లు జరుగుతాయన్న భయంతో పోలీసులు కాపలా ఉన్నారు. విద్యార్థులు వెంట నడిచారు.

మా పాఠ్యపుస్తకాలలో ఈ కథ ఇక్కడితో ముగుస్తుంది. తారీఖు, వధూవరుల పేర్లు, 'దక్షిణ దేశ విద్యాసాగరుడు' అన్న బిరుదు. తరగతి గదిలో నేనూ ఎన్నో ఏళ్ళు ఈ పాఠం చెప్పాను. పరీక్షలో వచ్చే ప్రశ్న కూడా అంతవరకే. అసలు పరీక్ష పెళ్ళి మరునాటినుండి మొదలయిందన్నది పుస్తకంలో లేదు.

శంకరాచార్య పీఠం నుండి బహిష్కార శ్రీముఖాలు వచ్చాయి. పెళ్ళికి వచ్చినవారు, పెళ్ళివారితో తిన్నవారు, అందరూ వెలి. ప్రాయశ్చిత్తం చేసికొంటే మళ్ళీ చేర్చుకుంటారు. సభలలో చప్పట్లు కొట్టినవారిలో చాలామంది ఒక్కొక్కరే ప్రాయశ్చిత్తానికి దారి తీశారు. వారిని నేను నిందించలేను. ఇంట్లో పెళ్ళికి ఎదిగిన పిల్ల ఉన్నప్పుడు ధైర్యం ఒక్కడి సొత్తు కాదు.

పంతులుగారి ఇంట్లో వంటవారు మానేశారు. నీళ్ళు తెచ్చేవారు మానేశారు. ఇంటి నిండా పెళ్ళివారు. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు కడవ చంకనెత్తుకున్నారు. గోదావరికి పోయి నీళ్ళు తెచ్చారు, పెళ్ళివారందరికీ తన చేతులతో వండి వడ్డించారు. ఒక్కరోజుతో తీరిన పని కాదు అది. ఆ తరువాత ఒక్కొక్క పెళ్ళికీ అదే వరుస. ఎక్కడెక్కడినుండో చాటుగా తెచ్చిన బాల వితంతువులు పెళ్ళి కుదిరే దాకా ఆ ఇంటనే ఉండేవారు. పెళ్ళి అయిన జంటలకు ఊరిలో చోటు దొరకకపోతే వారి భారమూ ఆ ఇంటిదే.

ఆమె అసలు పేరు బాపమ్మ. 1861లో పెళ్ళయింది. వరుడికి అప్పటికి పదమూడేళ్ళు. అత్తవారింట రాజ్యలక్ష్మి అయింది. బిడ్డలు కలగలేదు. పుట్టింటి వైపు పెద్దలు వచ్చి, ఈ వెలి బ్రతుకు నీకెందుకు, మాతో వచ్చెయ్యమన్నారు. ఆమె వెళ్ళలేదు. మనం గమనించవలసింది ఒకటి ఉన్నది. ఆనాటి స్త్రీకి భర్త వెంట నిలవడం ఎంత ధర్మమో, పుట్టింటి వారి మాట, పేరంటాల గౌరవం, పితృకార్యాలు అంతే ధర్మం. రెండు ధర్మాలు ఎదురుపడినప్పుడు ఏది ఎన్నుకోవాలో ఎవరూ ఆమెకు నేర్పలేదు. బడి చదువు లేదు. ఏ సభలోనూ ఆమె ఉపన్యాసం లేదు. ఆ నిర్ణయం ఆమె లోపలినుండి వచ్చింది.

దానిని పతిభక్తి అని సరిపెట్టడం మన అలవాటు. ఆ మాట అబద్ధం కాదు, కాని సగం నిజం. భర్త మాట మీద ఒక రోజు నీళ్ళు మోయవచ్చు. తలిదండ్రులు వదిలిన పిల్లలను వరుసగా ఏళ్ళ తరబడి కడుపున పెట్టుకోవడం ఒకరి మాట మీద జరిగేది కాదు. వంటింటి పొగలో, నూతి గట్టున, ఎవరూ చూడని చోట ఆమె సంస్కరణను ప్రతి రోజూ మళ్ళీ మొదటినుండి చేశారు. 1910 ఆగస్టు 11న ఆమె కన్నుమూశారు. పంతులుగారి స్వీయచరిత్ర 1911, 1915 సంవత్సరాలలో రెండు భాగాలుగా వెలువడింది. ఆమెను గురించి మనకు తెలిసినది చాలావరకు భర్త కలం ద్వారానే తెలిసింది.

ఈ ఉద్యమానికి లోట్లు లేవని నేననను. పంతులుగారు తమ జీవితకాలంలో జరిపించిన పెళ్ళిళ్ళు దాదాపు నలభై. దేశంలోని బాల వితంతువుల సంఖ్యతో పోలిస్తే అది సముద్రంలో కాకిరెట్ట. ఉద్యమం ఎక్కువగా అగ్రవర్ణాల సమస్య చుట్టూ తిరిగింది, ఎందుకంటే మారుమనువు అలవాటున్న కులాలకు ఆ నిషేధమే లేదు. వరులలో కొందరు డబ్బుకూ ఉద్యోగానికీ ఆశపడి వచ్చారని ఆనాడే విమర్శ వచ్చింది. పునర్వివాహితులలో కొందరితో పడిన చిక్కులను పంతులుగారూ దాచలేదు. అన్నిటినీ మించి, గౌరమ్మ ఏమనుకున్నదో మనకు తెలియదు. ఆ పెళ్ళికి తొలి వధువు ఆమె. చరిత్రలో ఆమె పేరు మిగిలింది, మాట మిగలలేదు.

అయినా ఆ నలభై ఇళ్ళలో దీపం వెలిగింది. 1887లో రాజమహేంద్రవరంలో బ్రహ్మమందిరం లేచింది. పంతులుగారు తమ ఆస్తినంతా హితకారిణీ సమాజానికి ధారపోశారు. ఆ దారిలో నడిచిన రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు 1904 నుండి 1919 వరకు కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు అధ్యక్షులుగా ఉండి, ఆ కళాశాలలో ఆడపిల్లలను చేర్చుకున్నారు. ప్రార్థనకు పరిచిన చాప పెద్దదయింది.

ఆ చాప మీద చోటు దొరకనివారు

ఇక్కడ కలం ఒక్క క్షణం ఆగుతుంది. చాప పెద్దదయింది నిజమే. అందరికీ సరిపోయిందా?

ఇదే సమాజం, ఇదే నిష్ఠతో, మరొక వర్గపు స్త్రీలను దూరం పెట్టింది. ఆలయాలలో, ఆస్థానాలలో ఆటపాటలు వృత్తిగా గల కలావంతులు, దేవదాసీలు. వారి మేళాలను పెళ్ళిళ్ళకు పిలవరాదని, ఆ సభలకు పోరాదని ఉద్యమం నడిచింది. 1893లో మద్రాసు సంస్కర్తలు వైస్రాయికి, గవర్నరుకు విన్నపాలు పంపారు. ఆ అధికారులు జోక్యానికి ఒప్పుకోలేదు. వీరేశలింగంగారు, వెంకటరత్నం నాయుడుగారు ఈ ఉద్యమంలో ముందున్నవారు. ఆ వృత్తి చాటున పసిపిల్లల బ్రతుకులు నలిగిన మాట కాదనలేనిది. సంస్కర్తల ఆవేదన బూటకం కాదు. కాని వితంతువు దగ్గర 'ఈ పిల్లకు జరిగిన అన్యాయమేమి' అని అడిగిన నోరే, వేశ్య దగ్గరకు వచ్చేసరికి 'ఈమె వలన సంఘానికి జరిగే చెరుపేమి' అని అడిగింది. ఒకరు జాలికి పాత్రులు, మరొకరు నిందకు. పిలిచిన మగవానికి మందలింపు, పాడిన ఆడదానికి వెలి.

సాహిత్యంలోనూ అదే తీర్పు. తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుని ఆస్థానంలో, పద్దెనిమిదవ శతాబ్దంలో, ముద్దుపళని అనే విదుషి 'రాధికా సాంత్వనము' అనే శృంగార ప్రబంధం వ్రాసింది. వీరేశలింగంగారు 'ఆంధ్ర కవుల చరిత్రము'లో ఆమె పాండిత్యాన్ని, శైలిని ఒప్పుకుంటూనే, ఆ గ్రంథం స్త్రీలు వినదగినదే కాదని, ఇక స్త్రీ నోట రాదగినది అసలే కాదని గర్హించారు. మగ కవుల ప్రబంధాలలో అంతకు మించిన శృంగారం ఉన్నదని భాషాప్రవీణ చదివిన వారెవరికైనా తెలుసు. మేము ఆ పద్యాలకు తాత్పర్యాలు వ్రాసి మార్కులు తెచ్చుకున్న వాళ్ళమే.

ఈ అన్యాయానికి జవాబు చెప్పినది ఒక దేవదాసి కూతురు, బెంగుళూరు నాగరత్నమ్మగారు. 1878లో మైసూరు రాజ్యంలోని నంజనగూడులో పుట్టి, సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు చదువుకొని, మద్రాసులో పేరు మోసిన గాయని. పాత అచ్చుప్రతిలో కొన్ని పద్యాలు, కవయిత్రి తన వంశాన్ని చెప్పుకున్న భాగం లేకపోవడం చూసి, వ్రాతప్రతి సంపాదించి, 1910లో వావిళ్ళవారి ద్వారా సంపూర్ణ గ్రంథాన్ని అచ్చువేయించారు. పీఠికలో సూటిగా అడిగారు: సిగ్గు అన్నది స్త్రీలకేనా, మగవారికి అక్కరలేదా? ఇంతకంటె పచ్చి వర్ణనలున్న 'వైజయంతీ విలాసము' వంటి మగ కవుల కావ్యాలను పరిష్కరించి చదివించవచ్చు గాని, ఇది మాత్రం కూడదా? 1911లో ప్రభుత్వం ఆ గ్రంథాన్ని అశ్లీలమని నిషేధించింది. నిషేధం 1947లో గాని తొలగలేదు.

చూడండి, రాజ్యలక్ష్మమ్మగారు కన్నుమూసిన సంవత్సరమూ, ఆ పీఠిక వెలువడిన సంవత్సరమూ ఒకటే. వితంతువుకు తలుపు తెరిచిన ఇంటి పెద్దను, మరొక ఆడది మరొక తలుపు దగ్గర నిలబడి నిలదీసింది. ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చదవనిదే ఆ కాలపు చరిత్ర పూర్తి కాదని నా అభిప్రాయం.

తిరువయ్యారు వెనుక వేదిక

నాగరత్నమ్మగారు అక్షర యుద్ధంతో ఆగలేదు. ఆమె త్యాగరాజస్వామి భక్తురాలు. తెలుగులో కీర్తనలు కట్టిన ఆ మహానుభావుడు 1847లో కావేరి ఒడ్డున తిరువయ్యారులో సిద్ధి పొందాడు. ఆ సమాధి పాడుబడి ఉన్నదని గురువు బిడారం కృష్ణప్పగారి వలన విని, ఆమె వెళ్ళి చూసి, స్థలం సంపాదించి, 1921లో నిర్మాణం మొదలుపెట్టి, 1926 జనవరిలో గుడికి ప్రతిష్ఠ చేయించారు. ఖర్చంతా ఆమె పాడి సంపాదించిన సొమ్ము. నగలు, ఆస్తి అక్కడే కరిగాయి.

ఆ సమాధి దగ్గర ఏటా జరిగే ఆరాధనోత్సవాన్ని విద్వాంసులు రెండు పక్షాలుగా చీలి నడుపుతుండేవారు. ఎన్ని విషయాలలో కీచులాడుకున్నా స్త్రీలు పాడరాదన్న విషయంలో వారి కట్టుబాటు ఒకటే. గుడి కట్టిన మనిషికి గుడి ముందు పాడే అర్హత లేదు! త్యాగరాజ కీర్తనను ఆమె నోట విని రూపాయలిచ్చిన లోకానికి, ఆమె నోట దానిని పూజగా వినడం మాత్రం అపచారమయింది.

ఆమె తగవుకు దిగి ఉత్సవాన్ని ఆపించలేదు. అలిగి ఇంటికీ పోలేదు. సమాధి వెనుక వైపున మరొక పందిరి వేశారు. గాయనీమణులను, ముఖ్యంగా తనవంటి కుటుంబాలనుండి వచ్చిన వారిని, కూడగట్టారు. 1927 నుండి స్త్రీల పక్షం అక్కడ పాడడం మొదలుపెట్టింది. ముందు మగవారి ఉత్సవం, వెనుక ఆడవారి ఉత్సవం, నడుమ స్వామి. ఏళ్ళు గడిచాయి. 1940-41 నాటికి పక్షాలన్నీ ఒకటై ఉమ్మడి ఉత్సవం ఏర్పడింది, స్త్రీలు ముందుకు వచ్చారు. తన తదనంతరం ధర్మకర్తలకు అప్పగించిన ఏర్పాటులో, దేవదాసీలతో సహా స్త్రీలకు అక్కడ చోటు ఉండాలన్న నియమాన్ని ఆమె మరచిపోలేదు. 1952లో పరమపదించారు. ఆమె సమాధి త్యాగరాజస్వామి సమాధికి ఎదురుగా ఉన్నది.

దేవదాసీ వ్యవస్థ రద్దు విషయంలో ఆమె అభిప్రాయంతో అందరూ ఏకీభవించనక్కరలేదు. చట్టంతో తమ మాన్యాలు, కళ, గౌరవం అన్నీ పోతాయని తమ వర్గం పక్షాన ఆమె వాదించారు. అదే కలావంతుల కుటుంబంలో పుట్టిన యామినీ పూర్ణతిలకమ్మగారు ఆ వ్యవస్థ పోవాలనే పనిచేశారు. 1947లో మద్రాసు చట్టం వచ్చింది. ఇద్దరిదీ న్యాయం కోసం తపనే. తమను గురించి తామే మాట్లాడడం, అందులో తమలో తాము విభేదించడం, ఈ రెండింటికీ ఆ స్త్రీలకు హక్కు ఉన్నదని ఒప్పుకోవడమే న్యాయంలో మొదటి మెట్టు. గౌరమ్మకు దక్కనిది అదే.

లెక్క చూసుకుంటే

భక్తి మనిషిని లొంగదీస్తుందని కొందరంటారు. భక్తే మనిషిని విడిపిస్తుందని మరికొందరంటారు. ఈ రెండు జీవితాలూ చూసిన తరువాత ఆ వాదాలు రెండూ నాకు పలచగా తోచాయి. గౌరమ్మను మూల కూర్చోబెట్టినదీ మతం పేరే, ఆమెకు పెళ్ళి పందిరి వేసినదీ మతం పేరే. త్యాగరాజు పేరు చెప్పి గాయనిని ఆపారు, ఆ పేరే చెప్పి ఆమె నిలబడింది. దైవాన్ని ఎంత గొప్పగా వర్ణించారన్నది ఒక మతసమాజానికి కొలత కాదు. పక్కన ఎవరిని కూర్చోనిస్తుంది, ఎవరి చేతి నీళ్ళు త్రాగుతుంది, ఎవరి గొంతును పూజకు పనికివస్తుందంటుంది అన్నదే కొలత. రాజమహేంద్రవరపు సమాజం ఆ కొలతకు సగం వరకే నిలిచింది. ఆ సగానికి మనం కృతజ్ఞులం. మిగిలిన సగం వారి అప్పు.

ఇక అంతర్బలం మాట. దానిని గురించి మనం పెద్ద పెద్ద మాటలు వాడుతాము. రాజ్యలక్ష్మమ్మగారి అంతర్బలం ఒక నీటి కడవ. నాగరత్నమ్మగారిది ఒక వెనుక పందిరి. వెలివేసినవారు తిరిగి పిలుస్తారని ఒకరూ కాచుకొని కూర్చోలేదు. తమకు మూసిన చోట, ఆ రోజుకు కావలసిన పనిని తమ చేతులతో చేశారు. మరునాడు మళ్ళీ చేశారు. కొన్నేళ్ళకు ఆ పనే ఆచారమయింది. మనం ఈనాడు అనుభవిస్తున్న ఆచారాలలో ఎన్నింటి అడుగున ఇటువంటి పేరులేని కడవలు ఉన్నాయో.

ఒకటి మాత్రం మరువరాదు. సహించగలిగిన స్త్రీని మెచ్చుకోవడం సులువు. ఆమె అంత సహించవలసిన అవసరమేమి అని అడగడం కష్టం. ఆమె ధైర్యాన్ని పాఠంగా చెప్పి, ఆమె మీద బరువు పెట్టినవారి పేర్లు దాటవేస్తే, ఆ పొగడ్త కూడా ఒక రకం వెలివేతే అవుతుంది. వితంతువును పసుపు కుంకుమల పళ్ళెం దగ్గరనుండి పక్కకు తప్పించే పేరంటాలు నేటికీ మన ఊళ్ళలో ఉన్నాయి. దానికి శంకరాచార్యుల శ్రీముఖం ఏమీ రావడం లేదు. మనమే చేస్తున్నాము. ఆ పళ్ళెం పట్టుకున్న చేయి ఒక్క అడుగు ముందుకు చాస్తే చాలు, దానికి చట్టం అక్కరలేదు, శాస్త్రార్థమూ అక్కరలేదు.